గురువారం వచ్చే పెల్లెట్ల లోడు

జెబెల్ అలీ, దుబాయ్,
12 జనవరి 2025, ఆదివారం.

చిరంజీవి నరేశ్‌కు నీ బాపు ఆశీస్సులతో రాయునది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఊర్లో మీ అమ్మ, చెల్లె బాగున్నారని మొన్న ఫోన్‌లో విన్నాను. అక్కడ పోలాండ్‌లో నువ్వూ, నీతో ఉన్న పిల్లలూ క్షేమంగా ఉండాలి. రాబోయే గురువారం తర్వాత కూడా అట్లాగే ఉండాలి. ఈ ఉత్తరం రాయడం అందుకే. క్షేమం అనే మాట ఇన్నేళ్లూ చేతి అలవాటు కొద్దీ రాస్తూ వచ్చాను. ఈసారి ఆలోచించి రాస్తున్నాను.

ఫోన్ చేతిలో పెట్టుకుని ఉత్తరాలేమిటని నీ దోస్తులు నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. నెలకొక ఉత్తరం చేతితో రాసి ఫొటో తీసి పంపాలని నువ్వు విమానం ఎక్కేటప్పుడు మాట తీసుకున్నాను, నువ్వు నిలబెట్టుకుంటున్నావు. ఫోన్‌లో నీ గొంతు ఎప్పుడూ ఒక్కతీరుగానే ఉంటుంది, మీ అమ్మకు బెంగ కలగకూడదని. రాతలో అట్లా దాచలేవు. పోయిన ఉత్తరంలో అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయని నువ్వు రాయకపోయినా నాకు తెలిసింది.

ఇక్కడ కూడా చలే, మా లెక్కకు. పొద్దున క్యాంపు బస్సు వచ్చేసరికి పొగమంచు కమ్మేసి రోడ్డు అవతలి క్రేన్లు కనబడవు. మా గదిలో పోశయ్య రెండు దుప్పట్లు కప్పుకుని ముక్కు మాత్రం బయట పెడతాడు. నా కొడుకు మైనస్ పదిలో ఉంటున్నాడని చెబితే మైనస్ అంటే ఏమిటని అడిగాడు. ఫ్రిజ్‌లో పైన మంచుగడ్డల పెట్టె ఉంటుంది కదా, దాంట్లో కాపురమని చెప్పాను. అప్పటి నుంచి పాపం నీ పేరెత్తితే చాలు తన దుప్పటి సర్దుకుంటాడు.

మీ అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగావు. తైలం రాసుకుంటున్నానని చెబుతుంది, రాసుకోదు. ఆ సీసా అట్లాగే నిండుగా ఉందని నీ చెల్లె నవత చెప్పింది. నువ్వు గట్టిగా ఒకసారి అడుగు. నా మాట ఆమెకు ఎప్పుడూ లెక్కలేదు, నీ మాట వింటుంది. నా పంటి సంగతి కూడా అడిగావు. పీకించేశాను. ఇప్పుడు అన్నం ఒకవైపే నములుతున్నాను, అలవాటైపోయింది.

ఇక నీ అసలు ప్రశ్నకు, మీ పొయ్యికి ఏ పెల్లెట్లు కొనాలన్నదానికి వస్తాను. ఇంటికి పోతూ నీ దోస్తు భార్గవ్ బర్ దుబాయ్‌లో తన చుట్టాల గదిలో ఒకరోజు ఆగాడు. మెట్రో ఎక్కి వెళ్లి నువ్వు పంపిన మూడు సంచులు తెచ్చుకున్నాను. కొడుకులు తండ్రులకు సెంటు బాటిళ్లు పంపుతారు, నా కొడుకు ఆరు కిలోల చెక్కపుల్లలు పంపాడని దారిపొడవునా నవ్వొచ్చింది. నిన్న శనివారం ఒక్కపూటే పని. మా టెస్ట్ గది పెద్ద నన్నే సాహెబ్‌ను అడిగితే, పొయ్యి ఖాళీగానే ఉంది కాల్చుకోమన్నాడు. మూడూ కాల్చి చూశాను.

నీతో ఉన్న పిల్లలకు కూడా చదివి వినిపిస్తావు కనుక మొదటి నుంచి చెబుతాను. మెత్తటి చెక్క పొట్టును మరలో గట్టిగా ఒత్తితే వచ్చే పుల్లే పెల్లెట్. జిగురేమీ కలపరు. ఒత్తిడికి వేడెక్కి, చెక్కలోని జిగటే కరిగి పట్టుకుంటుంది. మా కంపెనీలో, ఓడల మీద వచ్చిన పైన్ ప్యాలెట్లను, అంటే సామాన్ల కింద పెట్టే చెక్క చట్రాలను విప్పి, మేకులు పీకి, పొట్టు చేసి ఒత్తుతాం. ఇక్కడ వాటిని గుర్రాల కొట్టాల్లో నేల మీద పరుస్తారు, రొట్టెల బట్టీలకు కొన్ని పోతాయి. 2022లో యుద్ధం వచ్చి మీ వైపు దేశాల్లో పెల్లెట్లకు కరువు రాగానే అక్కడి ఇళ్ల పొయ్యిలకు పంపడం మొదలుపెట్టారు. అప్పుడే అక్కడి నుంచి ఇంటి పొయ్యి ఒకటి తెప్పించి మా టెస్ట్ గదిలో బిగించారు. మీ ఇంట్లో ఉన్నట్టిదే. పైన పెల్లెట్లు పోసే డబ్బా, లోపల మెల్లగా తిరిగి వాటిని నెట్టే మర, అవి పడి కాలే చిన్న గిన్నె, ముందర అద్దం తలుపు. బయట నలభై అయిదు డిగ్రీల ఎండలో, చలి కాచుకునే పొయ్యి ముందు కూర్చుని జీతం తీసుకున్నవాణ్ణి దుబాయ్ మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

తెల్ల సంచిలోది స్ప్రూస్ చెట్టుది. గోధుమపిండి రంగు. విరిస్తే చటుక్కున విరిగింది. సీసాలో పోసి వందసార్లు ఊపితే అడుగున చిటికెడు పొడి రాలింది, అంతే. నీళ్ల గ్లాసులో వేస్తే నేరుగా మునిగి, టీ తాగేంతసేపట్లో పొట్టుగా విడిపోయింది. అట్లా విడిపోతేనే మంచిది, లోపల వేరే సరుకు లేదని అర్థం. రెండు కిలోలు కాలితే రెండు మూడు చెంచాల బూడిద మిగిలింది. మంట కాస్త నెమ్మది, కానీ నిలకడగా ఉంటుంది.

ఎర్ర సంచిలోది చూడగానే నాకు నచ్చలేదు. ముదురు రంగు, మధ్యమధ్యలో నల్ల మచ్చలు. చెట్టు బెరడు కూడా కలిపి ఒత్తారు. ఊపితే పొడి, పోస్తే పొడి. సగం కాలాక గిన్నెలో బూడిద కరిగి గడ్డకట్టి గాలి రంధ్రాలు మూసుకుపోయాయి, మంట పచ్చగా పడుకుంది, అద్దం మసిబారింది. మీ పొయ్యి అద్దం రోజూ నల్లబడుతోందని అడిగావు కదా, ఇప్పుడు మీరు కాలుస్తున్నది ఇదే రకమై ఉంటుంది. రోజూ పొద్దున పొయ్యి చల్లారాక గిన్నె తీసి గీకండి. బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్‌లో పోసి బయట పెట్టండి. చల్లారినట్టే కనబడుతుంది కానీ రెండో రోజు కూడా లోపల నిప్పు ఉంటుంది. చెట్లకు వేయవచ్చా అని మీ గదిలో ఉండే మురళీ అడిగాడట, కొంచెం వేసుకోవచ్చని చెప్పు. మంచులో ఆయన ఏం పండిస్తాడో నాకు తెలియదు.

నల్ల కవర్‌లో కట్టింది మూడోది. మీ ఇంటి ఓనరు ముసలాయన ఊరి పక్క మిల్లు నుంచి లూజుగా తెప్పిస్తానన్న పైన్ పెల్లెట్. కవర్ విప్పగానే గదంతా చెక్క వాసన, ఒత్తి వారం కూడా అయి ఉండదు. నున్నగా మెరుస్తోంది. విరిస్తే మొదటిదాని కన్నా గట్టిగా చప్పుడైంది. మంట చూస్తే నన్నే సాహెబ్ కూడా లేచి వచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. తెల్లగా, నిండుగా కాలింది. బూడిద మొదటిదానంతే, వేడి మాత్రం దానికన్నా ఎక్కువ. మూడింట్లో మంటకు ఇదే మొదటి నంబరు. నచ్చనిదాన్ని బాగాలేదని చెప్పొచ్చు కానీ, టెస్టులో గెలిచినదాన్ని ఓడిందని చెప్పడం నాకు చేతకాదు.

అయినా అది కొనవద్దు. తెల్ల సంచిది కొనండి. నిన్న ఫోన్‌లో ఇదే చెబితే నువ్వు నవ్వావు. "ఫస్టు వచ్చినోణ్ని ఫెయిల్ జేస్తున్నవ్ ఏంది బాపూ? వజా జెప్పు మల్ల" అని కారణం అడిగావు. కింది మంచం మీద పోశయ్య ఉన్నాడు. ఫోన్‌లో చెప్పేది కాదని పెట్టేశాను.

ఇక్కడిదాకా అందరికీ చదివి వినిపించు. మిగిలిన కాగితాలు నువ్వొక్కడివే చదువు.

నరేశ్, నీ ఉత్తరంలో రెండు సంగతులు నన్ను రెండు రోజులుగా కుదురుగా కూర్చోనివ్వడం లేదు. గురువారం ముసలాయన రెండు టన్నుల లూజు పెల్లెట్లు తెచ్చి ఇంటి కింది గదిలో చెక్కల తొట్టిలో పోయిస్తాడని రాశావు. ఆ గదికి కిటికీ లేదని, మంచు గాలి రాకుండా తలుపు సందులకు గుడ్డలు కూడా కుక్కామని రాశావు. తర్వాత మామూలు మాటలాగా ఇంకొకటి రాశావు. పైన నలుగురికి ఇరుకవుతోందని మురళీ తన మంచం ఆ గదిలోనే, తొట్టి పక్కన వేసుకుంటున్నాడని.

ఆ పెల్లెట్లు మనిషిని చంపుతాయి. నిప్పు అంటుకోకుండా, ఊరికే కుప్పగా పడి ఉండే చంపుతాయి. కొత్త పైన్ చెక్కలో నూనె ఉంటుంది. మూసిన గదిలో ఆ నూనె గాలిని తాగేసి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనకు వచ్చేది కమ్మటి చెక్క వాసనే. ఒత్తిన మొదటి నెల రోజులు మరీ ఎక్కువ వదులుతుంది. పీల్చినవాడికి కొంచెం తల బరువెక్కినట్టు ఉంటుంది, నిద్ర వస్తున్నదనుకుంటాడు.

ఇంతవరకే రాసి ఆపుదామనుకున్నాను. పొద్దున ఒక కాగితం మీద, మా కంపెనీలో ఎవరో ఒకాయన ఇట్లాగే పోయాడని రాశాను. చదువుకుని చింపేశాను. ఎవరో ఒకాయన కోసం మురళీ తన మంచం ఎత్తుకుని ఇరుకు గదిలోకి రాడు, నువ్వూ రమ్మని గట్టిగా చెప్పవు. నిన్న మా గదికి వచ్చి ఉన్న నన్నే సాహెబ్ కూడా నా ఫోన్ మాటలు విని, "కారణం చెప్పకుండా వద్దంటే ఏ కుర్రోడూ ఇనడండీ పర్శరాములు గారూ" అన్నాడు. నేనింతగా భయపడే అసలు కారణం ఏమిటో ఆయనకు కూడా తెలియదు. ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు.

పోయింది నీ మేనమామ భోజన్న.

గుండె ఆగి పోయాడని కాగితం వచ్చింది, శవం వచ్చిన పెట్టె మీద అదే రాశారు, మీరందరూ అదే నమ్మారు. మొదటి పదిహేను రోజులు నేను కూడా నమ్మాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

2022 ఆగస్టు నెల, బుధవారం. భోజన్న యార్డులో ప్యాలెట్లకు మేకులు పీకే పనిలో ఉండేవాడు. ఎండాకాలం పన్నెండున్నర నుంచి మూడింటిదాకా బయటి పని బంద్ చేస్తారని నీకు తెలుసు. ఆ రెండున్నర గంటలూ వాళ్లకు రేకుల షెడ్డు. నడినెత్తిన పొయ్యి పెట్టినట్టు ఉంటుంది అక్కడ. షెడ్డు వెనకే, ఒత్తిన పెల్లెట్లను సంచుల్లో నింపేదాకా పోసి ఉంచే సిమెంటు గది ఉంది. సముద్రపు తేమకు పెల్లెట్లు ఉబ్బి పొట్టయిపోతాయని దానికి ఏసీ పెట్టారు. పెల్లెట్లకు ఏసీ ఉంది, మేకులు పీకేవాళ్లకు లేదు. ఆ గది తాళం నా దగ్గర ఉండేది. లోపల ఎవరినీ పండుకోనివ్వకూడదని రూలు. మాకందరికీ అది సరుకు కోసం పెట్టిన రూలు అనే తెలుసు, మనుషుల కోసమని ఎవరూ చెప్పలేదు.

భోజన్న వచ్చి అడిగాడు. "బావా, షెడ్డుల తల పలుగుతున్నదే. అర్ధగంట నీ గోదాంల ఒరుగుత. ముదీర్ రాకముందే లేస్త" అన్నాడు. ముదీర్ అంటే మా మేనేజర్. మీ అమ్మ తమ్ముడు, నా చేతుల మీదుగా వీసా తీసుకుని వచ్చినవాడు. అంతకుముందు కూడా రెండుసార్లు తాళం ఇచ్చాను, అప్పుడు ఏమీ కాలేదు. ఆ రెండుసార్లూ కుప్ప చిన్నది, తలుపు ఓరగా ఉంది. ఈసారి బయటి దేశం ఆర్డరని రాత్రి పగలు ఒత్తి, గోడ ఎత్తున పోశారు. వేడి కూడా ఇంకా తగ్గలేదు. నేను తలుపుకు అడ్డంగా ఒక సంచి పెట్టి, జానెడు సందు ఉంచి, టెస్ట్ గదికి వెళ్లాను.

ఒంటిగంటకు సముద్రం వైపు నుంచి ఉబ్బగాలి మొదలైంది. అంతకు వారం ముందే ఒక లాటు తేమకు పాడైందని ముదీర్ అందరి ముందు నన్ను తిట్టాడు. మళ్లీ వెళ్లి చూశాను. భోజన్న కుప్ప పక్కన గోనె పరుచుకుని, మోచేయి తల కింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. లేపాలనిపించలేదు, అలసిపోయి ఉన్నాడు. సంచిని కాలితో పక్కకు జరిపి తలుపు మూశాను. రబ్బరు పట్టీ ఉన్న తలుపు అది, మూస్తే గాలి చొరబడదు. కాసేపట్లో వచ్చి లేపుదామనుకున్నాను.

ఆరోజు టెస్ట్ గదిలో రెండు లాట్లు పోల్చి చూస్తున్నాను. ఏది తక్కువ బూడిద ఇస్తే అది ముందు ఓడ ఎక్కాలి. బూడిద చల్లారాక తూచాలి, తూకం సరిగ్గా రాలేదని మళ్లీ కాల్చాను. గ్రాము తేడా కోసం కూర్చున్నాను నరేశ్. లేచి గడియారం చూసేసరికి మూడుంబావు.

తలుపు తీస్తే భోజన్న అట్లాగే ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా, మంచి ఆరోగ్యంతో ఉన్నవాడిలాగా ఉన్నాయి. చూసి, హాయిగా పండుకున్నాడనే అనుకున్నాను. భుజం తట్టాను. పేరు పెట్టి పిలిచాను. ముక్కు దగ్గర వేలు పెట్టినప్పుడు తెలిసింది.

అప్పుడు నేను చేసింది ఇది. గోనెతో సహా అతన్ని ఈడ్చుకుని షెడ్డులోకి తెచ్చాను. అందరూ అప్పటికే పనిలోకి వెళ్లిపోయారు. గోనె సరిచేసి, గది తలుపు మూసి తాళం వేసి, అప్పుడు అరిచాను. షెడ్డులో పండుకున్నోడు లేస్తలేడని అరిచాను. నా తాళంతో, రూలుకు వ్యతిరేకంగా, లోపల పండుకుని పోయాడంటే జైలు, లేదంటే వీసా ఖలాస్. పోయినవాడు ఎట్లాగూ తిరిగి రాడు, చోటు మారిస్తే ఏమవుతుందనుకున్నాను. అంబులెన్స్ వాళ్లు, పోలీసులు అడిగితే కూడా అదే చెప్పాను. ఎండకు గుండె ఆగిందని అందరూ అన్నారు. మూడు రోజులు నా తల పగిలిపోయింది. ఏడుపు వల్లనుకున్నాను.

పదిహేను రోజులకు అదే గదిలో సంచులు నింపుతూ ఇద్దరు నేపాలీ పిల్లలు తూలి పడ్డారు. తలుపు తీసే ఉండడంతో బతికారు. అప్పుడొక ఇంజనీర్ వచ్చాడు. చేతిలో చిన్న మిషన్ పట్టుకుని గదిలోకి ఒక్క అడుగు పెట్టాడో లేదో అది కూత పెట్టింది. నీకు పైన రాసినదంతా ఆయన చెబుతుంటే నన్నే సాహెబ్ మాకు తెలుగులోకి మార్చి చెప్పిందే. చివర్లో ఆయన, ఇంతకు ముందు ఎవరికైనా ఈ గదిలో ఒంట్లో బాగాలేకుండా అయిందా అని ఒక్కొక్కరినీ అడిగాడు. నా వంతు వచ్చింది. లేదని చెప్పాను.

ఇప్పుడు ఆ గది గోడకు గాలి చూసే మిషన్ ఉంది, పుర్రె బొమ్మ బోర్డు ఉంది, అరగంట తలుపు తీసి పెట్టనిదే ఎవరూ లోపలికి పోరు. ఆ తలుపు రోజూ తీసేది నేనే.

ఇంకొకటి ఉంది. ఇదైతే రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తున్నాను. దసరా దాటాక భోజన్న భార్య, మీ లావణ్య అత్త నాకు ఫోన్ చేసింది. "అన్నా, గంత మంచిగున్న మనిషికి గుండె ఎట్ల ఆగుతదే? నువ్వు పక్కకే ఉన్నవ్ గద, నాకు నిజం జెప్పు" అంది. అప్పటికి నాకు నిజం తెలుసు. తెలిసి కూడా, "ఈ నడుమ జర తాగుతుండె చెల్లె, మీకు చెప్పొద్దన్నడు" అన్నాను. ఆమె, "అంజన్న మాల ఏసుకున్నప్పటి సంది ముట్టనని నా మీద ఒట్టేసిండు గదనే" అని పెట్టేసింది. భోజన్న ఒట్టు తప్పలేదు. ఇక్కడ నాలుగేళ్లలో చుక్క ముట్టలేదు. పండుగ పూట మేం తాగుతుంటే మాకు ఉల్లిగడ్డలు కోసిచ్చి అవతలికి పోయి కూర్చునేవాడు.

ఏడాది మాసికం నాడు, పోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టాలని భోజన్న ఫొటో ముందు కూడు, కూరలతోపాటు ఎవరో మందు సీసా కూడా పెట్టారు. లావణ్య చూసి కూడా తీయలేదట. నువ్వప్పుడు ఊర్లోనే ఉన్నావు, ఆ ఫొటో తీసి నాకు పంపింది నువ్వే. ఆ సీసా అక్కడికి నా మాట వల్ల వచ్చింది. బీడీలు చుట్టుకుంటూ పిల్లలిద్దరినీ సాకుతున్న ఆ మనిషికి, మొగుడు లేడనే దుఃఖంతోపాటు మొగుడు మోసం చేశాడనే దుఃఖం కూడా నేనే ఇచ్చాను. ఇంట్లో అతని పేరెత్తితే ఆమె మాట మార్చేస్తుందని మీ అమ్మ చెబుతుంటుంది. మీ అమ్మ కూడా తమ్ముణ్ణి తిట్టుకుంటూనే ఏడుస్తుంది.

మామ పోయినప్పటి నుంచి ఊరికెందుకు రావడం లేదని పోయిన మూడు ఉత్తరాల్లోనూ అడిగావు. సెలవు లేదని రాశాను. సెలవు ఉంది. లావణ్య నాకు నీళ్లు తెచ్చిచ్చి, అన్నా కూర్చో అంటుంది. ఆ గ్లాసు నేను అందుకోలేను.

ఇప్పుడు చేయాల్సింది విను. గురువారం రాకముందే ముసలాయనకు చెప్పి లూజు లోడు ఆపించు. తెల్ల సంచులే తెప్పించండి. వాటిని కూడా ఇంట్లో, మనుషులు పండుకునే గదుల్లో పెట్టవద్దు. బయట కట్టెల షెడ్డు ఉందన్నావు కదా, అక్కడ చెక్కల మీద ఎత్తుగా పేర్చి పైన పట్టా కప్పండి. ముసలాయన వినకుండా లోడు పోయిస్తే, మురళీ మంచం ఆ క్షణమే పైకి రావాలి. గది తలుపు కింది గుడ్డలు పీకేసి, గాలి బయటికి పోయే దారి చేయించండి. పెల్లెట్లు తేవడానికి పోయేవాడు ముందు తలుపు తీసి చాలాసేపు ఆగాలి, ఒంటరిగా పోకూడదు. గాలి చూసే మిషన్ అక్కడి దుకాణాల్లో దొరుకుతుందట, ఒకటి పొయ్యి ఉన్న గదిలో, ఒకటి పండుకునే గదిలో పెట్టండి. పొయ్యి గొట్టం పోయిన ఏడాది శుభ్రం చేయించారా అని కూడా అడుగు.

మురళీ ఇరుకని గొణుగుతాడు. గొణగనీ. ఎవరో చెప్పారని అనకు. మా మామ ఇట్లా పోయాడని చెప్పు, మా బాపు తలుపు మూశాడని చెప్పు. నా పరువు చూసి మాట మార్చకు. మార్చిన మాటకు బలం ఉండదు, వాడు మళ్లీ కింది గదికే పోతాడు.

రేపు పొద్దున నన్నే సాహెబ్‌కు అంతా చెప్పి, ఇంజనీర్‌కు అప్పుడు ఇచ్చిన జవాబు తప్పని రాసిస్తాను. ఆ తర్వాత కంపెనీ ఏం చేస్తే అది. వాళ్లు పోనిస్తే ఈ నెలాఖరుకు ఊరికి పోతాను. లావణ్యకు, మీ అమ్మకు నా నోటితో చెప్పాలి. పోనివ్వకపోతే ఈ కాగితాలే లావణ్యకు చూపించు. అప్పటిదాకా ఎవరికీ చెప్పవద్దని నిన్ను అడిగే మొహం నాకు లేదు. మీ అమ్మతో దాచలేననిపిస్తే చెప్పేయ్.

నా గురించి నీకు ఏమనిపించిందో ఇప్పుడే రాయకు. లోడు వెనక్కి పోయిందని ఒక్క ముక్క రాయి చాలు, మురళీ మంచం పైగదిలో ఉన్న ఫొటో పంపు. మురళీకి అమ్మ ఉందో, పెండ్లయిందో నాకు తెలియదు. వాళ్లింటి నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి, మంచిగున్న మనిషి ఎట్లా పోయాడో చెప్పమని నిన్ను అడిగే రోజు రావద్దు. అప్పుడు నోటికి ఒక అబద్ధం దానంతట అదే వస్తుంది నరేశ్. నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

ఇట్లు,
ఇంకా అట్లా పిలవాలని నీకనిపిస్తే,
నీ బాపు
పర్శరాములు